ఐదో నెల చేప

దామోదర్‌కి డ్రైవింగ్ నేర్పింది నేనే. చేపలు పట్టడం నేర్పింది కూడా నేనేనని ఇన్వర్‌కార్గిల్‌లో కొందరు తెలుగువాళ్ళు చెప్పుకుంటున్నారు. అది అబద్ధం. నేను పుట్టి బుద్ధెరిగి చేప తినలేదు. తెనాలిలో మా ఇంట్లో భోజనాల దగ్గర చేప అనే మాట కూడా అననిచ్చేవారు కాదు. నా పేరు శ్రీపతి. యాభై నాలుగేళ్ళు. ఈ ఊళ్ళో డ్రైవింగ్ స్కూల్ నడుపుతాను. స్కూలంటే నేనూ, నా కారూ. నాకు కోపం తొందరగా వస్తుందని పేరు. రోజుకు ఆరుగురు కొత్తవాళ్ళు నన్ను చంపబోయి చివరి క్షణంలో వదిలేస్తుంటారు. రాకుండా ఎలా ఉంటుంది?

దామోదర్‌ది మానేరు ఒడ్డున ఒక పల్లె. తరతరాలుగా చేపలు పట్టుకుని బతికిన ఇల్లు. ఎనిమిదో ఏట నుంచి తండ్రి వెంట వెళ్ళి విసురు వల విసిరాడు. పదేళ్ళ క్రితం చదువు పేరు మీద ఆక్లండ్ వచ్చాడు. అక్కడి పాపటోయిటోయి పేటలో ఒక ఫ్లాట్‌లో ఆరుగురితో సర్దుకుని, గోడౌన్‌లో పెట్టెలు మోసి, తర్వాత దేశానికి దక్షిణపు కొసన ఉన్న ఈ ఊరొచ్చి ఇక్కడి పాలిటెక్నిక్‌లో కార్ల కోర్సు చేసి, ఇక్కడే సెటిల్ అయ్యాడు. పాత కార్లను విడగొట్టి భాగాలు అమ్మే యార్డులో ఉద్యోగం. పొద్దుట నుంచి సాయంత్రం దాకా అందరి కార్లూ విడగొడతాడు. సొంత కారు కిందటి ఆగస్టు నుంచి విడిపోయే ఉంది. అడిగితే "ఈ ఆదివారం బిగిస్త సార్" అంటాడు. ఏ ఆదివారమో చెప్పడు.

మొదటిసారి వచ్చినప్పుడు తండ్రి అల్లిన వలను పెట్టెలో పెట్టుకుని తెచ్చాడట. విమానంలో ఇచ్చిన కాగితం మీద నిజాయితీగా రాశాడు. వల దారాల్లో మానేరు మట్టి ఎండి ఉంది. పరాయి మట్టిని ఈ దేశంలోకి రానివ్వరు. విమానాశ్రయంలో ఆఫీసరమ్మ ఎంతో మర్యాదగా మాట్లాడి వల తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అది ఉన్నా పనికొచ్చేది కాదు. ఇక్కడి చెరువుల్లో ఈ చేపలను వలతో పడితే నేరం. కర్రా గాలమే ఉండాలి, దానికి లైసెన్స్ ఉండాలి. ఇదంతా అతను నాకు చెప్పింది జనవరి ఆఖర్లో, మా ఇంట్లో కాఫీ తాగుతూ.

"సార్, మీ కారు కావాలె. ఫిబ్రవరిల నాలుగు ఆదివారాలు. వైహోలా చెరువు దాక."

వైహోలా అంటే ఇక్కడి నుంచి రెండు గంటల దారి. ఎందుకని అడిగాను.

"ఇంద్రజకు ఐదో నెల పడుతది. మా ఇంట్ల ఐదో నెలల మొగుడు సొంతంగ నీళ్ళల్ల పట్టిన చేప తెచ్చియ్యాలె. దాంతోని పులుసు పెట్టి ముందుగాల ఆమెకే పెడ్తరు. కొన్న చేప నడువది."

నేను కప్పు కింద పెట్టాను. ఇంద్రజ అతని భార్య, వృద్ధుల కేర్ హోమ్‌లో పని చేస్తుంది. ఇంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఒకటి పాపటోయిటోయిలో ఉండగా, ఒకటి ఇక్కడికి వచ్చాక. రెండుసార్లూ దామోదర్ చేప కొనే తెచ్చాడు, రెండోసారి ఫ్రీజర్‌లోది. రెండుసార్లూ ఆరో నెల దాటలేదు. ఊళ్ళో మనవాళ్ళందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తరు.

"ఇవన్నీ నువ్వు నమ్ముతావుటయ్యా?" అన్నాను.

"నమ్మ సార్. డాక్టరమ్మ గూడ కారణమేం లేదన్నది. కని ఈసారి ఒక్కటి గూడ ఇడిచిపెట్టొద్దు అనుకున్న."

ఆదివారం ఆరింటికి కారు సిద్ధంగా ఉంటుందని చెప్పాను. వంటింట్లోంచి నా భార్య రాజేశ్వరమ్మ వింటూనే ఉంది. ఆవిడ కూడా అడ్డు చెప్పలేదు. అది మా ఇంట్లో అరుదు.

మొదటి ఆదివారం పసుప్పచ్చ ఎల్ బోర్డు తీయకుండానే బయల్దేరాం. గోర్ దాటి, బల్‌క్లూథాలో ఆగి రాజేశ్వరమ్మ కట్టిచ్చిన పులిహోర తిని, ఎనిమిదిన్నరకు వైహోలా చేరాం. లోతు లేని చెరువు, అంచుల్లో నాచు, నీళ్ళలోకి చొచ్చుకుపోయిన ఒక చెక్క జెట్టీ. జెట్టీ చివర మడత కుర్చీలో ఒక ముసలావిడ కూర్చుని ఉంది. పేరు మార్గరెట్. అందరూ ట్రౌట్ చేప కోసం వస్తారనీ, పెర్చ్ పడితే తిట్టుకుని ఒడ్డున పారేస్తారనీ, తను మాత్రం ముప్పై ఏళ్ళుగా పెర్చ్ కోసమే వస్తున్నాననీ చెప్పింది. అడగకుండానే మాకు పాఠం మొదలుపెట్టింది. ఆవిడ కూడా ఎక్కడో ఇన్‌స్ట్రక్టర్‌గా పని చేసి ఉంటుందని నా అనుమానం.

పెర్చ్ పచ్చటి ఒంటి మీద నల్లటి చారలు, ఎర్రటి రెక్కలు ఉన్న చేప. జానెడు ఉంటే మంచి చేపే. ఒంటరిగా ఉండదు, గుంపుగా తిరుగుతుంది. ఒకటి పడ్డ చోట పది ఉంటాయి, లేని చోట సాయంత్రం దాకా నిలబడ్డా ఒక్కటీ ఉండదు. నాచు అంచున, జెట్టీ స్తంభాల నీడలో వెతకాలి. గాలానికి స్పిన్నర్ అని చిన్న వెండి రేకు కడతారు, నీళ్ళలో గిరగిరా తిరుగుతుంది. దాన్ని విసిరి, అడుగుకు దిగేదాకా అంకెలు లెక్కపెట్టుకుని, మెల్లగా దారం చుట్టాలి. మధ్యమధ్యలో చుట్టడం ఆపాలి. ఆపినప్పుడే వస్తుంది. ముందు ఊరికే తట్టి చూస్తుంది. అప్పుడు లాగకూడదు. బరువు తెలిసినప్పుడు మణికట్టు కొంచెం ఎత్తితే చాలు. ఇక పట్టుకునేటప్పుడు, వీపు మీది రెక్కలో సూదుల్లాంటి ముళ్ళుంటాయి కాబట్టి, తల వైపు నుంచి చెయ్యి పోనిచ్చి, రెక్కను వెనక్కి నిమిరి పడుకోబెట్టి అప్పుడు పట్టుకోవాలి.

దామోదర్ చేతులు కట్టుకుని మర్యాదగా విన్నాడు. తర్వాత నా చెవిలో అన్నాడు, "తాతకు దగ్గులు నేర్పినట్టున్నది సార్."

తాతకు ఆ రోజు దగ్గు రాలేదు. అతని గాలాన్ని చేప ఆరుసార్లు తట్టింది, ఆరుసార్లూ అతను భుజం దాకా ఊపి లాగాడు. స్పిన్నర్ నీళ్ళలోంచి ఎగిరి వచ్చి ఒకసారి నా టోపీ పట్టుకుపోయింది. వల పట్టిన చేతికి తెలిసింది ఒక్కటే, కదలిక తెలియగానే లాగాలి, లేకపోతే పోతుంది. ఇరవయ్యేళ్ళ అలవాటు ఒక పూటలో పోతుందా?

మధ్యాహ్నం అతను బాత్రూమ్‌కి వెళ్తూ కర్ర కాసేపు పట్టుకోమన్నాడు. లైసెన్స్ లేకుండా గాలం నీళ్ళలో పెట్టి పట్టుకున్నా తప్పేనని మార్గరెట్ హెచ్చరించింది. నేను చట్టం దాటేవాణ్ణి కాదు. ఫోన్‌లో ఒక్క రోజుకి లైసెన్స్ తీసుకోబోయి, కళ్ళద్దాలు కారులో ఉండటంతో ఏడాది మొత్తానికి తీసుకున్నాను. తర్వాత కర్ర పుచ్చుకుని మెల్లగా చుట్టాను. చెవి దురద పెడితే గోక్కోవడానికి చుట్టడం ఆపాను. కర్ర బరువెక్కింది.

అలా నేను, శాకాహారిని, మొదటి చేప పట్టాను. దామోదర్ తిరిగొచ్చేసరికి అది జెట్టీ మీద ఎగురుతోంది, నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను.

"దీన్ని తీసెయ్యవయ్యా" అన్నాను.

"నేను ముట్ట సార్. ఇంకొకల చేప ముడితే మన చేప రాదంటరు."

నమ్మనంటూనే అన్నీ పాటిస్తాడు. చేసేది లేక నేనే పట్టుకున్నాను. రెక్క నిమరాలన్న సంగతి భయంలో మరిచిపోయాను. అరచేతిలో నాలుగు చోట్ల ముళ్ళు దిగాయి. సాయంత్రానికి నాకు ఐదు పడ్డాయి, దామోదర్‌కి ఒక్కటీ పడలేదు. నా ఐదూ మార్గరెట్ బుట్టలోకి వెళ్ళాయి. దేవుడికి వేళాకోళం ఎక్కువని మా నాన్న అనేవాడు, నేను ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఇంటికి రాగానే రాజేశ్వరమ్మ నన్ను గరాజ్‌లోనే ఆపి బట్టలు మార్పించింది. చొక్కా జేబులో ఫోనుంది, ఫోన్‌లో లైసెన్స్ ఉంది. చూసింది.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకండీ? యాభై నాలుగేళ్ళొచ్చాక చేపలు పట్టే లైసెన్సా?"

"అద్దాలు లేక పొరపాటైంది."

స్నానం చేసి వచ్చాక అన్నం వడ్డిస్తూ, "ఇంతకీ ఆ అబ్బాయికి పడిందా?" అని అడిగింది. లేదన్నాను. మారు వడ్డన మరిచిపోయి కూర్చుండిపోయింది. తర్వాతి ఆదివారం పులిహోర రెండింతలు కట్టింది.

రెండో ఆదివారం నేను కర్ర ముట్టనని ఒట్టు పెట్టుకుని వెళ్ళాను. పదకొండింటి దాకా నిలబెట్టుకున్నాను. దామోదర్ పక్కనే రెండో కర్రతో నేనూ వేస్తే చేపల గుంపు ఎక్కడుందో తెలుస్తుందని మార్గరెట్ సలహా ఇచ్చింది. తెలిసింది. అవి నా కర్ర దగ్గర ఉన్నాయి. ఏడు. కర్రలు మార్చుకున్నాం, చోట్లు మార్చుకున్నాం, గుంపు కూడా మారింది. దామోదర్‌కి తట్టడం, అతను లాగడం, వెండి రేకు గాల్లో మెరవడం. అంతే. నా పాఠాలకు వచ్చే ఒక అమ్మాయి సోమవారం కారులో చేప వాసనకు ముక్కు మూసుకుని స్టీరింగ్ ఒక చేత్తో తిప్పింది. తిట్టకుండా కిటికీ అద్దం దించాను.

మూడో ఆదివారం గాలి. విసిరిన గాలం మన మీదికే వచ్చే గాలి. మార్గరెట్ కూడా రాలేదు. కారులోనే కూర్చుని అద్దంలోంచి అలలు చూశాం. రెండు గంటలు చూశాక దామోదర్ నోరు విప్పాడు.

"రాత్రి ఆమె పక్కకు తిరిగితె సాలు, లేస్తున్న సార్. ఏమన్న అయ్యిందా అని. ఆమె నిద్రపోతనే ఉంటది. నాకే భయమైతుంది. శానా భయమైతుంది."

నాకు ఓదార్చడం రాదు. నాకొచ్చింది ఒక్కటే.

"క్లచ్ నేర్పినప్పుడు నీకేం చెప్పాను?"

"దబ్బున ఇడవద్దన్నరు."

"ఎన్నిసార్లు చెప్పాను?"

"శానాసార్లు తిట్టిన్రు సార్."

"కాలి కింద బండి చిన్నగా వణుకుతుంది. అప్పుడు ఏం చెయ్యాలి?"

"ఏం చెయ్యద్దు. ఆగాలె."

"మరి? కాలికి వచ్చింది చేతికి రాదా?"

తిరుగు ప్రయాణంలో నా పక్క సీట్లో అతను మునివేళ్ళతో సీటు బెల్టు పట్టుకుని, బండి కుదుపు తెలిసినప్పుడల్లా లాగకుండా ఆపుకోవడం నేర్చుకుంటూ కూర్చున్నాడు. నాకు నవ్వు రాలేదు.

నాలుగో ఆదివారం, నెలలో ఆఖరిది. దామోదర్ గాలాన్ని చేప తట్టింది, ఆగాడు. మళ్ళీ తట్టింది, ఆగాడు. మధ్యాహ్నం మూడింటికి కర్ర వంగింది. మణికట్టు ఎత్తాడు. చేప వస్తోంది. మార్గరెట్ కుర్చీలోంచి లేచి నిలబడింది. జెట్టీకి రెండు గజాల దూరంలో నీళ్ళలో ఎర్రటి రెక్కలు కనిపించాయి, చారలు కూడా లెక్కపెట్టగలను. అక్కడ, ఆ రెండు గజాల దగ్గర, దామోదర్ చెయ్యి అతని మాట వినలేదు. భుజం దాకా లాగాడు. గాలం ఖాళీగా వచ్చి చెక్కకు కొట్టుకుంది.

అతను జెట్టీ మీద గొంతుక్కూర్చున్నాడు. మార్గరెట్ కూడా కూర్చుంది. నాకు చేపల మీద, చెరువు మీద, ఈ ఐదో నెల ఆచారం పెట్టినవాడి మీద ఒళ్ళు మండిపోయింది. ఆ కోపంలోనే నా గాలం విసిరాను. ఐదింటికి జానెడుకు మించిన చేప పడింది. ఎప్పటిలాగే రెక్క నిమరడం మరిచిపోయాను, ఎప్పటిలాగే గుచ్చుకుంది. మార్గరెట్ దాన్ని బాధ లేకుండా చంపి ఇస్తే, సంచిలో వేసి దామోదర్ ముందు పెట్టాను.

"ఇది నువ్వు పట్టావు."

"అబద్ధం గద సార్."

"వంద అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు. పెళ్ళికి వంద ఆడొచ్చు గానీ, పిల్లకి ఒకటి ఆడకూడదా? పైగా తెనాలి శ్రీపతి చేప పట్టాడంటే ఎవరు నమ్ముతారయ్యా?"

అతను సంచి హ్యాండిల్ మాత్రం పట్టుకున్నాడు, చేప తగలకుండా. రెండు గంటల దారిలో మేం పాట కూడా పెట్టుకోలేదు.

ఇంద్రజ తలుపు తీసింది. వంటింట్లో గట్టు మీద చింతపండు నానుతోంది. పక్కనే ఒక డబ్బాలో బూడిద. ఇంట్లో చలిమంట పొయ్యిలోది, మెత్తగా జల్లించింది. చేపకు రాసి తోమడానికి మొదటి ఆదివారం నుంచే సిద్ధం చేసి పెట్టిందట. ఆ బూడిద చూశాక నా ధైర్యం సగం పోయింది.

దామోదర్ సంచి గట్టు మీద పెట్టాడు. "నేనే పట్టిన" అన్నాడు. ఎవరూ అడగకుండానే.

ఇంద్రజ సంచి తెరిచి చేపను చూసింది. తర్వాత మొగుడి కుడి చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ చేతికి ఉండేది ఇంజిన్ ఆయిల్ వాసనే, ఎన్ని సబ్బులు రుద్దినా పోదు. అరచెయ్యి తిప్పి చూసింది. గీత పడలేదు.

"అంకుల్, మీ చెయ్యి చూపెట్టుండ్రి."

నేను చెయ్యి జేబులో పెట్టుకున్నాను. ఆవిడ అలాగే నిలబడి ఉంది. మేనరికాల నుంచి మేకుల దాకా అన్నీ వాదించగలను గానీ, అలా నిలబడే మనిషితో వాదించలేను. తీసి చూపించాను. నాలుగు ఆదివారాల ముళ్ళ గాట్లు, కొన్ని మానినవి, కొన్ని ఇంకా ఎర్రగా.

"చేపను పట్టుకునుడు రానోళ్ళకే గిట్ల గుచ్చుతది" అంది ఇంద్రజ. ఆవిడదీ చేపలు పట్టే ఇల్లే. ఆ సంగతి మా ఇద్దరికీ గుర్తు లేకపోవడం మా తెలివి.

దామోదర్ కుర్చీలో కూలబడ్డాడు. "నాతోని కాలేదు ఇంద్రా. నాలుగు వారాలు పోయిన. ఒక్కటి పట్టలేకపోయిన. ఈసారి గూడ నావల్లనే..." ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి మోచేతులు టేబుల్ మీద పెట్టుకుని ఏడ్చాడు. నేను కిటికీలోంచి పక్కింటివాళ్ళ చెత్తడబ్బా చూస్తూ నిలబడ్డాను. నాకూ కళ్ళు మసకబారాయి, అద్దాలు తుడుచుకున్నాను.

ఇంద్రజ అతని తల మీద చెయ్యి పెట్టింది.

"నీవల్ల ఏం పోలే. రెండుసార్లు నన్ను ఎత్తుకొని దవాఖానకు ఉరికింది ఈ చేతులే గద. ఆ కడుపులు నిలిచేటివి కావు, పోయినయి. చేపకేం తెలుసు?"

"మరి బూడిద ఎందుకు జల్లించినవు?"

"నాకు పులుసు తినబుద్ధయితుంది. అందుకు."

కొంగు నడుముకు చుట్టుకుని చేపకు బూడిద పట్టించింది. రెక్క వెనక్కి నిమిరి, తల గట్టిగా పట్టుకుని, పొలుసు గీకుతూ, మా వైపు చూడకుండానే అంది:

"ఇంకో మాట. మా పుట్టింటి దిక్కు రివాజు వేరే. అక్కడ ఐదో నెల చేప మొగుడు తేడు. ఆడపిల్ల దిక్కోళ్ళే తేవాలె. అన్ననో, మేనమామనో."

దామోదర్ తల ఎత్తాడు. "గట్లని నాకెప్పుడు చెప్పలే."

"నువ్వెప్పుడు అడుగలే."

తర్వాత నాకేసి చూసింది. "ఈడ నాకు ఆ దిక్కు ఎవ్వరు లేరు అంకుల్. ఇయ్యాల మీరు తెచ్చిన్రు. సరిపోయింది."

ఆ ఆచారం నిజంగా ఉందో, పొలుసు గీకుతూ అప్పటికప్పుడు పుట్టించిందో నాకు ఈ రోజు దాకా తెలియదు. అడగలేదు. పులుసు పొయ్యి మీద కుతకుతమంటుంటే ఆ వాసనకు బయటికి పోవాల్సిన నేను, గుమ్మంలోనే నిలబడ్డాను. ఆవిడ కంచం నిండా అన్నం పెట్టుకుని, ముళ్ళు ఒక్కొక్కటే తీసి అంచున వరసగా పెడుతూ, తల ఎత్తకుండా తింది. దామోదర్ ఎదురుగా కూర్చుని ప్రతి ముద్దా చూశాడు. వెళ్ళేటప్పుడు, పుట్టింటివాళ్ళను ఉత్త చేతులతో పంపకూడదని నా అరచేతిలో పిడికెడు చక్కెర పోసింది. గాట్లు చురుక్కుమన్నాయి. కారులో కూర్చుని మొత్తం తిన్నాను.

మార్చిలో దామోదర్ మళ్ళీ వైహోలా పోదామన్నాడు. ఇంకా ఎందుకని కసిరాను. "నేర్చుకునుడు సగంల ఆపద్దు సార్" అన్నాడు. రెండో వారం, చేప తట్టినప్పుడు ఆగి, బరువు తెలిసినప్పుడు ఎత్తి, జెట్టీ దాకా ఓపికగా తెచ్చాడు. బెత్తెడు చేప. రెక్క నిమిరి పట్టుకుని, దాని మొహంలోకి కాసేపు చూసి, వంగి నీళ్ళలో వదిలేశాడు. మార్గరెట్ నోరు తెరిచింది.

"ఇంద్రజకు ఇవ్వవా?" అన్నాను.

"అక్కర లేదు సార్. ఇది ఉత్త చేపనే."

జూన్ ఆఖర్లో ఒక పొద్దున్న గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉండగా ఫోన్ వచ్చింది. దామోదర్ కారు ఇంకా విడిపోయే ఉంది. రాజేశ్వరమ్మను వెంటబెట్టుకుని నేనే వెళ్ళాను. ఎల్ బోర్డుతోనే ఇంద్రజను ఆసుపత్రికి చేర్చాం. దారిలో నేను ఎవరినీ తిట్టలేదని రాజేశ్వరమ్మ సాక్ష్యం. కాన్పు గది బయట నర్సు నన్ను ఆపి, ఆమెకు మీరేమవుతారని అడిగింది. పుట్టింటివాణ్ణని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో ఒక నిమిషం ఆలోచించాను. ఆవిడ వైపు కుటుంబం అన్నాను. రాజేశ్వరమ్మ పక్కనే ఉంది, కాదనలేదు.

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోల మీద కొంచెం. గట్టిగా ఏడ్చింది, తలుపు ఇవతలికి వినిపించింది. దామోదర్ పిల్లను గుడ్డలో చుట్టి తెచ్చి నా ముందుకు చాపాడు. నాకు చెయ్యి ఎటు పెట్టాలో తెలియలేదు. వెనక్కి తగ్గాను.

"తల దిక్కు నుంచి చెయ్యి పోనియ్యుండ్రి సార్" అన్నాడు. "మెల్లగ. ఆగి పట్టుకోవాలె."

చెప్పినట్టే పట్టుకున్నాను. ఈసారి ఏమీ గుచ్చుకోలేదు.